నాన్నమ్మ పేరు

పొయ్యి మీద ఉన్న గిన్నె నెట్టాది కాదు.

ఆ ఇంట్లో ప్రతి గిన్నెకీ ఎక్కడో ఒక చోట సొట్ట ఉంటుంది. పెళ్ళైన నాటి నుంచీ ఇన్నెస్ గిన్నెలు దించే పద్ధతి అలాంటిది, పడవ మీంచి లంగరు దించినట్టు దించుతాడు. దీనికి సొట్ట లేదు. నీలం అంచు, మెరిసే మూత, మూత మీద ఇస్త్రీ చేసిన గుడ్డ. గుడ్డ తీస్తే పొగ పట్టించిన చేప, బంగాళాదుంప, పాలు వేసి కాచిన చారు. అది ఇంకా వెచ్చగా ఉంది. ఇన్నెస్ చేతిలో చెంచా ఇంకా తడిగా ఉంది.

"మీనా ఇచ్చి వెళ్ళింది," అన్నాడు ఇన్నెస్, గోడ మీది క్యాలెండరుకి చెబుతున్నట్టు. "పొద్దుటి నుంచీ ఆ పాత రిజిస్టర్లతోనే కూచున్నాం కదా. నువ్వు బజారు నుంచి వచ్చేసరికి ఆలస్యమవుతుందేమోనని."

వంశ చరిత్ర కోసం వెళ్ళిన మనిషి వెనకాలే చారు కూడా ఇంటికొచ్చిందన్నమాట.

నెట్టా ఏమీ అనలేదు. ఈ మధ్య ఆమె ఏమీ అనకపోవడమే ఆ ఇంట్లో పెద్ద చప్పుడు. గిన్నె రెండు చేతులా ఎత్తి, పెరటి తలుపు మోచేత్తో తోసి, చారంతా రేవు గోడ కింద సముద్రపు పక్షులకి పోసేసింది. అవి ఒకదాన్నొకటి పొడుచుకుంటూ ఎగబడ్డాయి. వాటికైనా ఆకలే తప్ప అనుమానం లేదు.

తర్వాత గిన్నె తోమింది. తుడిచింది. ఒక్క సొట్ట పెడదామా అని అటూ ఇటూ తిప్పి చూసి, తనది కానిదాని మీద తన ముద్రెందుకని ఊరుకుంది.

"మంచి చేప అది," అన్నాడు ఇన్నెస్ దిగులుగా.

"మంచి చేపే. ఒకప్పుడు నీ వలలో పడి జారిపోయిందే కదా."

మన భాషలో మీనమంటే చేపేనన్న సంగతి నెట్టాకి తెలియదు. తెలియకుండానే సూటిగా కొట్టింది. అసూయకి నిఘంటువు అక్కర్లేదు.

ఇన్నెస్ ముందు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆ నవ్వు మింగేశాడు. ఆదివారం రాయికి తెర తీస్తున్నారనీ, ఆ పని అయిపోతే మీనా ముఖం చూడాల్సిన అవసరమే ఉండదనీ, అరవై దాటిన మనిషి మీద ఇవేం అనుమానాలనీ గొణిగాడు. అరవై దాటాక చేపలు పట్టడం మానేశావు కానీ వల వెయ్యడం మానలేదని నెట్టా అంది.

రాయి సంగతి నిజమే. వెనకటి పెద్ద తుఫానులో పోర్ట్‌లెనన్ రేవు నుంచి వెళ్ళి తిరిగిరాని పడవల మనుషులకి రేవు మొగలో రాయి నిలబెడుతున్నారు. ఆదివారం ప్రతి కుటుంబం తరఫునా ఆ ఇంటి ఆడపిల్ల ఒకతె నిలబడి, మునిగిపోయినవాడి పేరుతో మొదలుపెట్టి, అతని భార్య, కొడుకు, కొడుకు భార్య, ఇలా మెట్లు దిగుతున్నట్టు ఒక్కొక్క పేరూ చదువుతూ చివర్న తన పేరు చెప్పాలి. అది ఆ ఊరి ఆచారం. బోడీ ఫ్లెట్ల తరఫున చదివేది ఇన్నెస్, నెట్టాల ఒక్కగానొక్క కూతురు విల్లా.

బోడీ అంటే జుట్టు లేనివాళ్ళని కాదు. ఇన్నెస్ తల మీద జుట్టు ఇప్పటికీ చీపురుకట్టలా ఉంది. పోర్ట్‌లెనన్‌లో రాయి విసిరితే ఫ్లెట్ అన్న ఇంటిపేరువాడికే తగులుతుంది, విసిరినవాడూ ఫ్లెట్టే అయ్యుంటాడు. పేర్లు కూడా తాతలవే మనవలకి పెడతారు కాబట్టి ఒకే వీధిలో ఒకే పేరుతో నలుగురు తేలుతారు. అందుకని ఒక్కొక్క కుటుంబానికీ ఒక మారుపేరు. వీళ్ళది బోడీ. తుఫాను నాటికి ఊళ్ళో జార్జ్ ఫ్లెట్లే నలుగురుండేవారు. చేతిరాత సరిగ్గా చదవలేక ఇన్నెస్ మొదట్లో వేరే జార్జ్‌ని పట్టుకుని, ఆ మహానుభావుడి మరణం దగ్గర కళ్ళు కూడా తుడుచుకున్నాడు. తీరా చూస్తే ఆయన చేపల వేలంపాటలో ఇన్నెస్‌తో ఏళ్ళ తరబడి పోట్లాడినవాడి ముత్తాత. ఆ కన్నీళ్ళు వెనక్కి తీసుకునే మార్గం లేక, పాత రాతలు చదవడం వచ్చిన మీనా సాయం అడిగాడు.

అడగడానికి ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదు అతనికి.

మీనా ఈ వీధిలోనే పుట్టింది. పెళ్ళికి ముందు ఇన్నెస్ ఆమె ఇంటి చుట్టూ తిరిగాడు. ఏదో గొడవై ఆమె అబర్దీన్ పట్నం వెళ్ళి పంతులమ్మై, అక్కడే పెళ్ళి చేసుకుని, పిల్లలు లేక, భర్త పోయాక నిరుటి చలికాలంలో తిరిగొచ్చింది. పూర్తి పేరు విల్లమీనా. అందులో వింతేమీ లేదు. ఆ ఊళ్ళో తాత విలియం అయితే మనవరాలు విల్లమీనా, తాత జేమ్స్ అయితే జేమ్సీనా. సగం మంది ఆడవాళ్ళ పేర్లు 'నా'తోనే ముగుస్తాయి. ఎవరు ఎవరికి 'నా' అన్న దగ్గరే గొడవంతా.

విల్లా పూర్తి పేరు కూడా విల్లమీనాయే.

ఆ పేరు తలుచుకున్నప్పుడల్లా నెట్టా గుండెలో చిన్న ముల్లు కదిలేది. వెంటనే దానికి మందూ ఉండేది. అది ఇన్నెస్ నాన్నమ్మ పేరు. తల్లి చిన్నప్పుడే పోతే అతన్ని పెంచింది ఆ ముసలమ్మే. నెట్టా కాపురానికి వచ్చేసరికి ఆవిడ లేదు, సమాధి ఎక్కడో పుట్టింటివాళ్ళ ఊళ్ళో ఉందన్నారు. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి బోడీ ముసలమ్మ అనే అనేవారు. ఆనవాయితీ ప్రకారం మొదటి ఆడపిల్లకి నెట్టా తల్లి పేరు రావాలి. కానీ పిల్ల పుట్టుక నమోదు చేయించడానికి వెళ్ళిన ఇన్నెస్ విల్లమీనా అని రాయించి వచ్చి, "నాన్నమ్మ పేరు" అన్నాడు. తల్లిలేనివాడు కదా అని నెట్టా కాదనలేకపోయింది. అప్పటి నుంచీ ఆ చూడని ముసలమ్మే ఆమె అనుమానానికి కాపలా కుక్క.

"గిన్నె నేను ఇచ్చేసి వస్తాలే," అన్నాడు ఇన్నెస్.

"అక్కర్లేదు. నేనే ఇస్తాను."

"ఎందుకు నీకు శ్రమ, నేనెలాగూ రేపు..."

"మా నాన్న పందులు పెంచేవాడు," అంది నెట్టా.

ఇన్నెస్ చెయ్యి గభాలున పొయ్యి ఇనుము మీదికి పోయింది. చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో ఆ జంతువు పేరు ఎత్తరు. ఎత్తితే ఇనుము ముట్టుకోవాలి. నెట్టా పుట్టింది లోపలి పొలాల వైపు. పెళ్ళైన నాటి నుంచీ తండ్రి వృత్తిని నోటితో చెప్పుకోకుండానే కాపురం నెట్టుకొచ్చింది. పేరే నెట్టా మరి.

"ఇంట్లో ఆ మాటేమిటి," అన్నాడు ఇన్నెస్ గొంతు తగ్గించి.

"పంది. మా దొడ్లో పాతిక పందులుండేవి. ఒక పంది ఇంట్లో లేనప్పుడు దాని మొగుడికి ఇంకో పంది చారు తెచ్చి పెట్టడం నేను చూళ్ళేదు."

ఇన్నెస్ పొయ్యి వదల్లేదు. వేళ్ళు కాలుతున్నా వదల్లేదు.

"పడవ అమ్మేశావు. సముద్రం మీదికి పోవు. ఇంకా ఇనుమెందుకు?"

"అలవాటు."

"తెలుసు. నీకు అలవాట్లు పోవు. పాతవి మరీ పోవు."

గిన్నె సంచిలో పెట్టుకుని బయటికి నడిచింది.

* * *

పాత వలల మేడ ఇప్పుడు ఊరి చరిత్ర గది. మెట్లకి తారు వాసన మాత్రం పోలేదు. మీనా ఒక్కతే ఉంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, కళ్ళద్దాలు దారంతో మెడకి వేలాడేసుకుని, బల్ల మీద పరిచిన పెద్ద కాగితంలో ఏదో గీత దిద్దుతోంది.

ఊళ్ళో ఆడవాళ్ళందరినీ నువ్వు అనే నెట్టా మీనాని మాత్రం మీరు అంటుంది. ఆ మర్యాదకి అంచున పదును ఉంటుంది.

"మీ గిన్నె," అంది. "బాగా తోమాను."

"చారు బాగుందా?"

"పక్షులు బాగుందన్నాయి."

మీనా గిన్నె అందుకుని బల్ల మీద పెట్టింది. తర్వాత, తన చేతికి పాలెప్పుడూ కాస్త ఎక్కువే పడతాయని, అందుకే పక్షులకి నచ్చి ఉంటుందని తేలిగ్గా అంది. కోప్పడితే బాగుండేదనిపించింది నెట్టాకి. కోపం రానివాళ్ళతో పోట్లాడటం తడి వల పిండటంలాంటిది, పిండినవాళ్ళ చేతులే నొప్పెడతాయి.

తలతిప్పి కాగితం వైపు చూసింది. బోడీ ఫ్లెట్ల వంశవృక్షం. పైన జార్జ్, తుఫానులో మునిగినవాడు. పక్కన అతని భార్య ఐసబెల్. కింద వాళ్ళ కొడుకు జేమ్స్, అంటే ఇన్నెస్ తాత. ఇంకా కింద ఇన్నెస్ తండ్రి, తల్లి. ఆ కింద ఇన్నెస్ ఫ్లెట్, జానెట్. జానెట్ అంటే తనే. తన పేరు ఆమె చేతిరాతలో గుండ్రంగా, అందంగా ఉంది. తన పెళ్ళి కూడా ఆమె గీసిన గీత మీదే నిలబడి ఉంది. ఆ అందం చూస్తే నెట్టాకి ఒళ్ళు మండింది.

అన్నీ నింపిన గడులే. తాత జేమ్స్ పక్కన గడి ఒక్కటే ఖాళీ.

"ఇదెందుకు వదిలేశారు?"

"ఇంకా చూడాలి," అంది మీనా.

"చూడ్డానికేముంది? నేను చెప్తాను, రాసుకోండి. విల్లమీనా. మా అమ్మాయికి పెట్టింది ఆవిడ పేరే." ఆ మాట అనడంలో నెట్టాకి చిన్న సంతోషం ఉంది. నీకు తెలియనిది, మా ఇంటి సంగతి, నేను చెబుతున్నాను అన్న సంతోషం.

మీనా కళ్ళద్దాలు తీసింది. వాటిని మడిచింది. మళ్ళీ విప్పింది.

"కూర్చో నెట్టా."

"నిలబడే వింటాను."

"ఆవిడ పేరు బార్బరా."

కింద రేవులో ఎవరో పడవ ఇంజను మొదలుపెట్టారు. అది రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"పెళ్ళి రిజిస్టర్లో బార్బరా. జనాభా లెక్కల్లో బార్బరా. చనిపోయినప్పుడు రాసినదాంట్లోనూ బార్బరాయే. పెన్సిల్‌తో రాసి చెరిపేశాను."

నెట్టా కాగితం కేసే చూస్తూ నిలబడింది. ఇన్నేళ్ళ కాపలా కుక్క లేచి, ఒళ్ళు దులుపుకుని, వాకిలి దాటి వెళ్ళిపోయింది. బాప్తిస్మం రోజు గుర్తొచ్చింది. పాదిరిగారు పిల్ల పేరు పలకగానే చర్చి అంతా ఒక్కసారి కిక్కురుమనకుండా అయిపోయింది. అది భక్తి అనుకుంది నెట్టా, పొలం నుంచి వచ్చిన కొత్త కోడలు. ముందు వరసలో ఎవరో దగ్గారు కూడా. ఆ దగ్గు ఎవరిదో ఇప్పుడు అడగాలనిపించింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"ఆ ముసలమ్మ మా పక్కిల్లు. ఎప్పుడూ తెలుసు. మీకు పాప పుట్టిందనీ, ఆ పేరు పెట్టారనీ మా అక్క ఫోన్లో చెప్పింది. అబర్దీన్‌లో అద్దె గదిలో ఉన్నాను అప్పుడు. ఫోను పెట్టేసి ఏడ్చాను. సంతోషమో సిగ్గో ఇప్పటికీ తెలీదు."

"మా ఆయన నా కూతురికి మీ పేరు పెడితే మీకు సంతోషమా?"

"నువ్వు కూతుర్ని ఎత్తుకున్నావు. నాకు పేరు మిగిలింది." మీనా గొంతులో ఇప్పుడు తేలికదనం లేదు. "ఎవరు ఎవర్ని చూసి ఏడవాలో నువ్వే చెప్పు."

నిరుటి నుంచీ తను కిటికీలోంచి ఈమెని చూసి కుళ్ళుకుంటుంటే, ఈమె ఎప్పుడో అబర్దీన్‌లో కూర్చునే తన ఒడిని తలుచుకుని కుళ్ళుకుందన్నమాట. ఇందులో తను గెలిచినట్టా, ఓడినట్టా?

"గడి ఖాళీగా ఉంచమన్నది ఎవరు?"

మీనా ఖాళీ గడి మీద వేలు పెట్టి, తీసేసింది.

"ఇన్నెస్ కదూ?"

"సిరా వెలిసిపోయింది, చదవడానికి రావడం లేదు అని చెప్పమన్నాడు. నేను ఊఁ అన్నాను. తప్పే."

"అయితే ఇన్నాళ్ళూ మీరిద్దరూ తలలు దగ్గర పెట్టుకుని వెతికింది..."

"వెతకడం ఎప్పుడో అయిపోయింది. దొరికినదాన్ని నీకు కనపడకుండా ఎలా పెట్టాలా అని చూస్తున్నాం."

నవ్వుకున్నా బాగుండేది. ముద్దులాడుకున్నా చీపురు తిరగేసి ఉండేది నెట్టా. ఇద్దరూ కలిసి తన మీద జాలిపడ్డారు. ఆ జాలి చారు రూపంలో తన పొయ్యి ఎక్కింది. అదే ఆమెకి జీర్ణం కాలేదు.

"గడి నింపండి," అంది మెట్లు దిగుతూ. "సిరాతో."

* * *

ఇంటికి వచ్చేసరికి విల్లా వంటింట్లో ఉంది. రేవు ఆఫీసులో పని దిగి, అటు నుంచి అటే వచ్చింది. టీ కలుపుకుని, ఓట్‌మీల్ బిస్కెట్ నములుతూ, ఆదివారం చదవాల్సిన వరస పైకి చదువుతోంది. ఎదురుగా ఇన్నెస్ తలూపుతున్నాడు.

"జార్జ్, బోడీ. అతని భార్య ఐసబెల్. వాళ్ళ కొడుకు జేమ్స్. జేమ్స్ భార్య..." విల్లా ఆగింది. "నాన్నా, ఇక్కడ నా పేరే కదా రావాలి? మీనా ఆంటీ ఇంకా ఖాళీగా ఉంచింది. రేపు అచ్చుకిస్తారట."

"సిరా వెలిసిపోయిందట," అన్నాడు ఇన్నెస్.

"బార్బరా," అంది నెట్టా, కోటు విప్పకుండానే.

ఇన్నెస్ కప్పు పెదాల దాకా వెళ్ళి అక్కడే ఆగింది.

"బార్బరా ఎవరమ్మా?"

"మీ నాన్నని పెంచిన నాన్నమ్మ."

విల్లా ముందు నవ్వింది. ఇద్దరి మొహాలూ చూసి నవ్వాపింది. ఆ పిల్లకి తండ్రి చీపురు జుట్టు, తల్లి లెక్క. లెక్క చూస్తుండగానే తేలిపోయింది.

"మరి నాది ఎవరి పేరు?"

"చెప్పు ఇన్నెస్," అంది నెట్టా.

ఇన్నెస్ కప్పు దించాడు. రిజిస్ట్రారు ముందు నిలబడి, ఆయన పాప పేరేమిటని అడిగినప్పుడు, నెట్టా తల్లి పేరు చెబుదామనే అనుకున్నాననీ, నోటికి మాత్రం విల్లమీనా అని వచ్చిందనీ, రాసేశాక చెరపమనడానికి మొహం చెల్లలేదనీ, ఇంటికొచ్చే దారిలో నాన్నమ్మని అడ్డం పెట్టుకున్నాననీ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఎన్నో తుఫానుల్లో పడవ నడిపినవాడు, వంటింట్లో ఒక వాక్యం ఒడ్డుకి చేర్చలేకపోయాడు.

"నోటికి వచ్చిందా," అంది నెట్టా, "మనసుకి వచ్చిందా?"

అతను దించిన కప్పు చెవి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. అదే జవాబు.

విల్లా కాగితం బల్ల మీద పెట్టేసింది. "ఆదివారం నేను చదవను. పైన బార్బరా అని చదివి, చివర్న విల్లమీనా అన్నానంటే ఊరంతా లెక్కేసుకుంటుంది."

"ఊరు ఎప్పుడో వేసుకుంది. నేనే ఆలస్యం."

"అయినా నేను చదవను."

ఇక్కడ ఇన్నెస్ నోరు మూసుకుని ఉంటే ఆ సాయంత్రం అంతటితో పోయేది. కానీ సాయం చేద్దామనుకున్నాడు. మగవాడు సాయం చేద్దామనుకున్నప్పుడే ఇంట్లో సామాను పగులుతుంది.

"పోనీ మీనాని అడుగుదాం," అన్నాడు. "ఆమెకి పేర్లన్నీ కంఠతా వచ్చు."

నెట్టా కోటు విప్పి కుర్చీ మీద వేసింది.

"నేను చదువుతాను," అంది నెట్టా.

"నువ్వా? కోడళ్ళు చదవరు, నెట్టా. ఆ ఇంట్లో పుట్టిన పిల్లే చదవాలి."

"చదవకూడదని ఎక్కడ రాసుంది? రికార్డు చూపించు."

అతని దగ్గర రికార్డు లేదు. ఉన్న రికార్డులన్నీ ఆమె పక్షమే ఉన్నాయి. ఇన్నెస్ చేతులు బల్ల మీద పెట్టి, వేళ్ళకేసి చూసుకున్నాడు. తర్వాత చాలా మెల్లగా, బతిమాలుతున్నట్టు అన్నాడు:

"చదువు. కానీ బార్బరా దగ్గర ఆగకు. గబగబా దాటి వెళ్ళిపో."

"అక్కడే ఆగుతాను. పాదిరిగారు తలెత్తేదాకా, ఆ రోజు దగ్గినవాళ్ళు మళ్ళీ దగ్గేదాకా ఆగుతాను. నాకు తెలుసని వాళ్ళందరికీ తెలిసేదాకా ఆగుతాను."

ఇన్ని నెలల తర్వాత నెట్టాకి ఊపిరి నిండుగా ఆడింది. మీనా కూడా అక్కడే ఉంటుంది, జనంలో, ఆ కళ్ళద్దాలతో. వినాలి. అందరికంటే ముందు ఆమె వినాలి.

విల్లా తల్లినే చూస్తోంది. కోపంగా కాదు. చిన్నప్పుడు తనకి జ్వరమొచ్చినప్పుడు చూసినట్టు చూస్తోంది.

"అక్కడ ఆగుతావు, సరే," అంది. "వరస చివర్న నేను వస్తాను కదమ్మా. నా పేరెలా పలుకుతావు?"

ఇదేం ప్రశ్న, ఎప్పుడూ పిలిచే పేరే కదా అనబోయింది నెట్టా. అనడం ఎందుకు, పిలిచి చూపిస్తే సరిపోతుందనుకుంది. కూతురి వైపు తిరిగి నోరు తెరిచింది.

పేరు రాలేదు.